పోయిన కాలికి అర టికెట్టు

లేని కాళ్ళకి మర్యాద చెయ్యడం డాక్టరు జకరయ్య గారి జబ్బు. దానికి మందు లేదు. రెండు కాళ్ళూ ఉన్నవాళ్ళని ఆయన అంతగా పట్టించుకునేవారు కాదు. తహసీల్దారు గారే వచ్చినా కళ్ళజోడు పైనించి ఓ చూపు చూసి ఊరుకునేవారు. ఒంటికాలి మనిషి గుమ్మంలో కనపడితే మాత్రం కుర్చీతోపాటు ముక్కాలిపీట కూడా వేయించేవారు. కుర్చీ మనిషికి, పీట పోయిన కాలికి.

ఈ సంగతి పాపం ఆనందకుమారికి ముందుగా ఎవరూ చెప్పలేదు. నెల్లూరులో నర్సు చదువు ముగించి, అరవై రెండులో, విడవలూరు దాటి సముద్రం హోరు వినపడే ఆ చిన్న మిషను ఆసుపత్రిలో కొత్తగా చేరింది. మొదటి రోజే మాలకొండయ్య అనే రోగికి కట్టు మారుద్దామని మంచం చివర కూర్చుంది.

"లే తల్లీ, కాలి మీద కూర్చున్నావు," అన్నారు డాక్టరు గారు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. తీరా చూస్తే అక్కడ దుప్పటి తప్ప ఏమీ లేదు. మాలకొండయ్య ఎడమకాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. అతను మాత్రం పర్లేదులేమ్మా అని పెద్దమనసుతో క్షమించేశాడు.

ఆ తర్వాత బస్సు గొడవ. మాలకొండయ్యకి కొయ్యకాలు కొలతలు ఇప్పించడానికి ముగ్గురూ నెల్లూరు పోతున్నారు. కండక్టరు అతని ముందున్న ఖాళీలోకి చేపలగంప తోయబోతే, కాలికి తగుల్తుందన్నారు డాక్టరు గారు. ఏ కాలికని అడిగాడు వాడు. పోయిన కాలికన్నారు ఈయన. మరి దానికి టికెట్టు తీసినారా అని వాడు వెటకారం చేశాడు. ఈయన నిజంగానే కాసేపు ఆలోచించి, మోకాలి కింది భాగమే గనక అర టికెట్టు చాలు గదా అంటూ జేబులో చెయ్యి పెట్టారు. బస్సంతా నవ్వింది. ఆనందకుమారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గంప మాత్రం టాపు మీదికెక్కింది.

డాక్టరు గారి చెయ్యి మంచిది, తలే కొంచెం తేడా అని ఊరు ఏనాడో తీర్మానించుకుంది. ఆనందకుమారి కూడా ఆ తీర్మానానికి ఒప్పేసుకుంది.

అట్లాంటి రోజుల్లో హజరత్తయ్య వచ్చాడు. అతను నీరుగంటి. చెరువు తూము తీసి పొలాలకి వంతులవారీగా నీళ్ళు వదలడం అతని పని. బండిచక్రం కింద పాదం నలిగి కుళ్ళితే, కుడికాలు మోకాలి కింద తీసెయ్యాల్సొచ్చింది. పుండు చక్కగా మానిపోయింది. అయినా మనిషికి నిద్ర లేదు. తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతుంటాడు. నొప్పి ఉందా అంటే లేదంటాడు.

అసలు సంగతి అతని భార్య మస్తానమ్మ చెప్పింది. లేని కాలివేళ్ళు మండుతున్నాయని ఇంటివాళ్ళ ముందు ఒక్కసారి నోరుజారాడట. దయ్యం పట్టిందన్నాడు ఆమె అన్న ఓబులేసు. శుక్రవారం భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయి స్తంభానికి కట్టించాలని బండి కూడా మాట్లాడేశాడు. పిచ్చోడి చేతిలో తూము పెడతామా అని రైతులు వేరే నీరుగంటిని వెతుకుతున్నారు. అందుకే మనిషి నోరు కుట్టేసుకున్నాడు.

గురువారం ఓబులేసు వచ్చి మంచం పక్కన కాపలా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు పీట ఈడ్చుకుంటూ వచ్చారు.

"హజరత్తయ్యా, పోయిన కాలు ఎట్టుండాది?"

అతను బావమరిది వైపు చూసి తల దించుకున్నాడు.

"పోయినంత మాత్రాన పలకరించకూడదా? ఏ వేలు?"

హజరత్తయ్య పళ్ళ మధ్య నించి తువ్వాలు తీశాడు. "బొటనవేలు సార్. మడిచి నిప్పుల్లో పెట్టినట్టుండాది. విప్పుదామంటే రాదు."

డాక్టరు గారు వంగి గాలిలో ఓ చోటు చూపించి ఇక్కడేనా అన్నారు. ఇంకాస్త పక్కకన్నాడు హజరత్తయ్య. ఇద్దరూ వేలున్న చోటు సరిచూసుకుని, పీట మీద దిండు వేసి, పోయిన కాలిని దాని మీద జాగ్రత్తగా పెట్టారు.

ఓబులేసు తెరిచిన నోరు మూయకుండా బయటికి నడిచాడు. "మా బావకేం లేదు సిస్టరమ్మా," అన్నాడు ఆనందకుమారితో. "పిచ్చి ఆ డాక్టరుకే. పెద్దాయన మాట కాదనలేక మా బావ ఔనౌనంటా ఉండాడు, పాపం."

బండి వద్దని కబురు పంపించాడు. ఊరికి పోయి రైతులకీ అదే చెప్పాడు. ఇక తూము జోలికి ఎవరూ రాలేదు.

అప్పుడు మొదలైంది వైద్యం. తెగిన చోట చిన్న కొయ్యసుత్తితో మెల్లగా తట్టడం, గరుకుగుడ్డతో రుద్దడం, కళ్ళు మూసుకుని లేని వేళ్ళని ఒక్కొక్కటే విప్పడం. తెగిన నరాలు తలకి ఇంకా కబుర్లు పంపుతూనే ఉన్నాయని డాక్టరు గారి లెక్క. ఎందుకో ఆయనకీ తెలీదు. పైదేశాల నించి ఆయన తెప్పించుకునే వైద్యపత్రికల వాళ్ళకీ పూర్తిగా తెలీదు. వెతుకుతున్నారనీ, ఎప్పటికైనా దొరుకుతుందనీ అనేవారు. కొన్ని వారాలకి హజరత్తయ్య బొటనవేలు విచ్చుకుంది. మంట మొత్తం పోలేదు గానీ కంటినిండా నిద్ర పట్టేంత తగ్గింది.

అతను కర్రల మీద తూము దగ్గరికి వెళ్ళిపోయిన రోజున ఆనందకుమారి ఉండబట్టలేక అడిగేసింది. "నిజంగా మీకు ఆ కాళ్ళు కనపడతాయా సార్?"

"కనపడవమ్మా. నొప్పి మాత్రం కనపడతదా?" కళ్ళజోడు తుడుచుకున్నారాయన. "పిచ్చోడన్న పేరు ఎవురో ఒకరు మోయాల. హజరత్తయ్య మోస్తే తూము పోతది. నేను మోస్తే ఏం పోతది? ఈ ఊరికి ఇంకో డాక్టరు యాడ రాబోతాడు?"

ఆ వారంలోనే పాదం పోయిన జాలరి ఒకడు చేరాడు. వచ్చినప్పటినించీ పెదవి విప్పలేదు. చూడ్డానికొచ్చిన అతని అన్న మంచం చివర చతికిలబడ్డాడు.

"లెయ్యన్నా," అంది ఆనందకుమారి. "కాలి మీద కూర్చున్నావు."

అతను గభాల్న లేచి, దుప్పటి చూసి, ఆమెను చూసి, అయ్యో ఈ పిల్లకీ అంటుకున్నట్టుందే అని పక్కమంచం వాళ్ళతో గొణిగాడు. ఆ మాట ఆమెకి వినపడింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. వెళ్ళి ముక్కాలిపీట తెచ్చి మంచం పక్కన వేసింది.

జాలరి పీట వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"మడమ సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా. "మడమ మండతా ఉండాది."