పసుపు బొట్ల సర్టిఫికెట్

ఆ రోజుల్లో మా దీవుల్లో ఉద్యోగమంటే సర్కారు ఉద్యోగమే. మిగతావన్నీ అది వచ్చేదాకా చేసే కాలక్షేపం. సముద్రం అడుగున కేబుల్ వేసి, మా ఇంటర్నెట్ అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న కాలం. నేను కంప్యూటర్ డిగ్రీ ఒకటి చేతబట్టుకుని, డిగ్నాబాద్‌లో మా రేకుల ఇంట్లో కూర్చుని, చేస్తే సమాచార భద్రతలోనే ఉద్యోగం చేస్తానని భీష్మించుకున్నాను. అదేం పనో అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. చివరికి ఆవిడే ఒక అర్థం కుదుర్చుకుని "మా పిల్ల కంపూటర్లకి వాచ్‌మేన్ పని సదువుతంది" అని వీధంతా చాటింది. (ఇన్నేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను కానీ, అంతకంటే మంచి అర్థం నాకూ దొరకలేదు.)

నాన్న హార్బర్‌లో పడవ మీద లస్కర్, ఓడలకి తాళ్ళు కట్టి విప్పే పని. తాత శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకుని వచ్చినవాడు కాబట్టి, మా ఇంట్లో మొదటిసారి తడవకుండా ఉద్యోగం చేసే మనిషిని నేనే కావాలని నాన్న కోరిక. "ఆ ఉజ్జోగాలు ఇక్కడెక్కడున్నాయమ్మా? మెయిన్‌ల్యాండ్ ఎల్లు. విశాపట్నంలో మీ అత్త ఉంది గదా. బేంకు పరీచ్చకి కోచింగ్ తీసుకో" అనేవాడు. నాకేమో ఊరు వదలాలంటే ప్రాణం పోయేది. అడిగితే అది నా సాంకేతిక ఆశయమని చెప్పేదాన్ని గానీ, నిజానికి సాయంత్రం జెట్టీ దగ్గర నాన్న పడవ దిగి వస్తుంటే చూడకుండా ఉండలేను, అంతే. మొత్తానికి బేరం కుదిరింది. వానలు తగ్గి ఓడ బయలుదేరేలోగా ఇక్కడే ఉద్యోగం దొరికితే సరి, లేకపోతే అత్త దగ్గరికి.

దొరకడం మాట అటుంచి, అడిగినవాళ్ళందరూ అనుభవం ఉందా అనేవాళ్ళు. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది? పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఆ ముడి విప్పడానికి సర్టిఫికేషన్ ఒకటే దారని ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాశాడు. అది చదివి ఒక పరీక్షకి కట్టాను. ఇంట్లోనే కూర్చుని రాయొచ్చు, ఎక్కడో కూర్చున్నాయన కెమెరాలోంచి కాపలా కాస్తాడు. గదిలో రెండో మనిషి కనపడకూడదు, రెండో గొంతు వినపడకూడదు. మా వీధిలో ఆ షరతు విన్నవాళ్ళు ఎవరైనా నవ్వుతారు. అయినా నాన్న సెలవు పెట్టి, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరినీ ఆపి "గోల సేయకండి, లోపల పరీచ్చ" అని మెల్లగా చెప్పాడు. పరీక్ష ఎలా ఉంటుందో చూద్దామని వాళ్ళందరూ అక్కడే ఆగిపోయారు. నేను సగం ప్రశ్నలు దాటేసరికి గుమ్మం ముందు చిన్నసైజు సభ జరుగుతోంది, కానీ అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా. అంత నిశ్శబ్దం ఆ వీధి మళ్ళీ చూడలేదు. పాసయ్యాను.

సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చింది. ఫోన్‌లో చూపిస్తే అమ్మ మొహం వాడిపోయింది. "కాయితమేదే? ఇలాగ గాలిలో ఉండిపోతే ఏటి లాబం?" అంది. నాన్న వెళ్ళి మంచి దళసరి కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించుకొచ్చాడు. మా ఇంట్లో కొత్త కాగితం ఏదొచ్చినా, అది పెళ్ళి శుభలేఖైనా, గ్యాస్ కనెక్షన్ కార్డైనా, నాలుగు మూలలా పసుపు రాసి బొట్టు పెట్టకుండా బీరువాలోకి వెళ్ళదు. దీనికీ ఆ మర్యాద జరిగింది. నేను ఇంట్లో లేని సమయం చూసి అమ్మ నాలుగు మూలలా పసుపు దట్టించి, కుంకుమ అద్ది, దేవుడి ముందు పెట్టి, ఆ శుభం చెరిగిపోకూడదని నాన్న చేత లామినేషన్ కూడా చేయించేసింది. తిరిగొచ్చి చూసి నేను మురిసిపోయాను. ఆ నాలుగో మూలన, పసుపు కింద ఏముందో అప్పుడు నా బుర్రకి తట్టలేదు. కంప్యూటర్లకి కాపలా కాసే బుర్ర మరి.

డెలానీపూర్‌లో సరుకు రవాణా చేసే ఒక ప్రైవేటు కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఒరిజినల్స్ తెమ్మన్నారు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. లోపల సోడాబుడ్డి కళ్ళద్దాల పెద్దసారు ఒక్కరే ఉన్నారు. మా దీవుల్లోనే పుట్టి పెరిగిన తెలుగాయన, కాబట్టి సగం హిందీలో మాట్లాడతారు. నా సర్టిఫికెట్ తీసుకుని, తన ఫోన్ తీసి, కింది మూలన ఉన్న గళ్ళ బొమ్మకి గురిపెట్టారు. దాన్ని స్కాన్ చేస్తే సర్టిఫికెట్ అసలుదో కాదో తెలుస్తుంది. తెలియలేదు. దగ్గరగా పెట్టారు, దూరంగా పెట్టారు. జేబురుమాలు తీసి గట్టిగా రుద్దారు. మరక ప్లాస్టిక్ లోపల ఉంది కదా, అది కదల్లేదు.

"యే క్యా హై బేటా?" అన్నారు.

"పసుపు, సార్."

"ఈ ఎర్రది?"

"కుంకుమ."

ఆయన కాసేపు నన్నూ, కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. "మరి దీన్ని నేనెలా నమ్మాలి?"

నాకు కళ్ళ ముందు విశాఖపట్నం ఓడ కనిపించింది. భయం వేస్తే నాకు అబద్ధం రాదు, మర్యాదా రాదు. "నమ్మొద్దు సార్" అనేశాను. ఆయన ఆశ్చర్యపోయి ఫోన్ దించారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. "స్కాన్ అయినా నమ్మొద్దు సార్. కాయితం తెచ్చింది నేను. ఆ గళ్ళ బొమ్మ నేనే తయారుచేసి అతికించుండొచ్చు. అది నేను కట్టిన దొంగ పేజీకి మిమ్మల్ని తీసుకెళ్ళి, పాసయింది అని చూపించొచ్చు. మీరే ఈ పరీక్ష పెట్టిన సంస్థ సైట్ తెరిచి, కాయితం పైనున్న నంబర్ కొట్టి చూడండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పొద్దున్నుంచి వచ్చినవాళ్ళవన్నీ నేను స్కానే చేశాను" అన్నారు మెల్లగా. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, నంబర్ కొట్టారు.

ఆ రోజు మబ్బు. కేబుల్ ఇంకా ఆ ఆఫీసు దాకా రాలేదు, మబ్బు పట్టిందంటే ఆకాశం నుంచి దిగే నెట్ దుప్పటి కప్పుకుంటుంది. తెర మీద చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. ఊరికే కూర్చోలేక ఆయన అడిగారు, "అనుభవం ఏమైనా ఉందా?" మళ్ళీ అదే ప్రశ్న. "కంపెనీలో లేదు సార్. మా వీధిలో ఉంది" అన్నాను.

చెప్పమన్నారు, చెప్పాను. మా వీధిలో పెద్దవాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఫోన్‌లో మెసేజ్ వస్తే గోడ మీదుగా పక్కింటికి అందిస్తారు, చదువొచ్చినవాళ్ళు బిగ్గరగా చదివి వినిపిస్తారు. పండక్కి వచ్చిన శుభాకాంక్షలైనా, బ్యాంకు పంపిన ఓటీపీ అయినా ఒకటే గొంతు. అలా చదవడం వాళ్ళకి సాయం, చదవననడం పొగరు. హోప్ టౌన్‌లో మా పిన్నికి బ్యాంకు పేరుతో ఎవడో ఫోన్ చేసినప్పుడు, ఓటీపీ వాడికి చదివి చెప్పింది కూడా పాపం సాయం చేసిన పక్కింటావిడే. అప్పటినుంచి ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పాను, అంకెలు మాత్రమే ఉన్న మెసేజ్ వస్తే గోడ దాటించొద్దు, ఇంటికొచ్చి చెవిలో చెప్పమనండి అని. మొదట్లో నాకు తలపొగరన్నారు. ఇప్పుడు మా అమ్మకి పాలవాడి లెక్క వచ్చినా చెవిలోనే చెప్పాలి.

పెద్దసారు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపు చక్రం ఆగింది. తెర మీద నా పేరు వచ్చింది, అక్షరం తప్పు లేకుండా.

"సునో బేటా" అన్నారు. "ఈ కాగితం లేకపోతే నీ దరఖాస్తు నా బల్ల దాకా వచ్చేదే కాదు. అంతవరకే దాని పని. మా ఆఫీసులో పాస్‌వర్డ్‌లు కూడా గోడల మీదుగానే తిరుగుతున్నాయి. సోమవారం నుంచి వచ్చి వాటిని ఆపు."

ఇంటికెళ్ళి చెబితే అమ్మ "నాను పసుపు రాయబట్టి" అంది. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. నాన్న మాత్రం బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపాగి నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. "బేంకు ఉజ్జోగం కాదని కోపమా నాన్నా?" అన్నాను.

"కోపమేటమ్మా" అన్నాడు హార్బర్ దీపాల వైపు చూస్తూ. "నానే ఎల్లమన్నాను గాని, నువ్వు ఓడెక్కితే తాడు ఇప్పీది నానే గదా. అదెలాగ ఇప్పుతానా అని నెల్రోజులై అన్నం సయించట్లేదు."

ఇప్పుడు నా పేరు వెనక సర్టిఫికేషన్ల పొట్టి అక్షరాలు రైలుపెట్టెల్లా చేరాయి (రైలే లేని మా ఊళ్ళో). కొత్తవాళ్ళని తీసుకునే బల్లకి అవతలి వైపు నేనే కూర్చుంటున్నాను. ఎవరైనా వణుకుతూ ఫైలు తెరిస్తే, నంబర్ చూసుకుని నేనే సైట్‌లో కొట్టుకుంటాను. పేజీ తెరుచుకునేలోగా వాళ్ళ వీధి సంగతులు అడుగుతాను. నెట్ ఇప్పుడు బాగానే పరిగెడుతోంది, అడగడానికి వ్యవధి చాలదు. అందుకని నేనే కాస్త నెమ్మదిగా టైపు చేస్తాను.