అత్త తోలిన బండి, నేను తీసిన జింక

1958 సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం ఆరూ నలభై. కళ్యాణదుర్గం దగ్గర మా వేరుశనగ చేను గట్టు మీద నిలబడి, నాయన ఇచ్చిన పెట్టె కెమెరాతో మొదటిసారి కృష్ణజింకను తీశాను.

రీలుకు పన్నెండు ఫొటోలు. అనంతపురంలో స్టూడియో ఆయన కడిగి నా చేతిలో పెడుతూ, "ఏమ్మా, చీమల్ని తీసినావా?" అన్నాడు. నిజమే. అన్నింట్లోనూ ఆకాశం, ఎర్రనేల, మధ్యలో నలకలు.

ఒక్క మగజింక, కొమ్ముల మెలికలతో సహా కనబడాలి. ఆయన నోరు మూయించాలి. నాకు కావలసింది అంతే. నడిచి వెళ్తే జింకలు పరుగు. వంగి వెళ్తే ఇంకా ముందే పరుగు. ఎద్దులబండి పోతుంటే మాత్రం తలైనా ఎత్తేవి కావు.

బండి తోలడానికి మా అత్త తయారైంది. కొత్త రీలు వేసుకొని నేను బండిలో చొప్ప మీద బోర్లా పడుకున్నాను.

"నేరుగా పోవద్దత్తా, పక్కగా తిప్పు. పొద్దు మన వీపుకుండాల."

"గమ్మునుండు మే! నీ గొంతుకే పారిపోతాండాయి!" అని అత్త అరిచేది. ఆ అరుపుకు మిగిలినవీ పారిపోయేవి. ఇద్దరం కడుపులు పట్టుకొని నవ్వేవాళ్లం.

ఎద్దులు ఊపిరి పీల్చినా బండి ఊగుతుంది. అందుకని కెమెరాను బండి కర్రకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కడం నేర్చుకున్నాను. నాతోపాటు అత్త కూడా బిగబట్టేది, ఎందుకో.

ఆయుధపూజకు ముందురోజు ఉదయం, నల్లని మగజింక ముప్పై అడుగుల దూరంలో నిలబడి, ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరింది. నొక్కాను.

"పడిందా?"

"పడిందత్తా!"

అరవై ఏళ్ల మనిషి, బండి దిగి చేనులో గంతులేసింది.

ఇంకొక్క ఫొటో మిగిలింది. వృథా చేయడమెందుకని రీలు తీయలేదు.

మర్నాడు కొడవళ్ల పక్కన, కుట్టుమిషను పక్కన కెమెరాకూ పీట వేసింది అత్త. నేను పూలు తెచ్చేసరికి దాని వెనకమూత తెరిచి లోపల బొట్టు పెడుతోంది.

"అత్తా! వెలుతురు తగిలితే ఫొటోలన్నీ పోతాయి!"

"పైన పెడితే ఏం లాభం మే? పనిచేసేది లోపల కదా! మిషనుకూ మూత తీసే పెట్టినా" అంది. తర్వాత నా మొహం చూసింది. "జింక గూడానా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. కుంకుమ భరిణె ఒలికిపోయింది.

అయినా రీలు కడిగించాను. లోపలి చుట్టలో ఉన్న మొదటి మూడూ బతికాయి: రెండింట్లో ఎద్దుతోక, ఒకదాంట్లో అత్త వీపు.

పోయినవి: నిలబడిన జింకలవి ఏడు, గాల్లో ఎగిరినది ఒకటి, తీయకుండా దాచినది ఒకటి. మొత్తం తొమ్మిది.