వెలుతురు రాని బండి

మొన్న మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళాయనకు గన్నవరంలో ఉద్యోగం వచ్చిందట. సామానుతో పాటు దూడల్లాంటి రెండు కుక్కల్ని బోనుల్లో పెట్టి తీసుకురావాలట. "పెద్దమ్మా, వాటికి ఏ బండి మంచిదో మామయ్యని అడిగి చెప్పవా? ఆయనకీ ఒకప్పుడు పెద్ద కుక్కలుండేవంటగా" అంది. ఆ సంగతులు జరిగేనాటికి దానికి ఊహ తెలియదు, తెలిస్తే అడిగేది కాదు. మా అన్నయ్య నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, ఫోనేమో స్పీకర్లో ఉంది. నేను మాట మార్చేలోపే చెయ్యి చాచి తీసుకున్నాడు. "వెనక కూడా కిటికీలుండే బండి తీసుకోమ్మా. నువ్వు మాత్రం ముందు కూర్చోవద్దు. వెనక వాటి పక్కనే కూర్చో" అన్నాడు. ఫోన్ నాకిచ్చేసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. "మామయ్యకి కోపం వచ్చిందా?" అని ఆ పిల్ల కంగారుపడింది. కోపం కాదమ్మా అన్నాను. ఏమిటో మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను.

మాది బట్టల వ్యాపారం చేసే ఇల్లు. నాన్న నాటినుంచీ మగ్గాలున్న ఊళ్ళకు వెళ్ళి చీరలు తెచ్చి విజయవాడ వన్‌టౌన్‌లో అమ్మడమే మా పని. నాన్న తర్వాత కొట్టు అన్నయ్య చూసుకునేవాడు. అన్నయ్యకీ వదినకీ పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు, బుజ్జిగాడు వచ్చాక మాట్లాడాల్సిన అవసరం కూడా లేకపోయింది. బుజ్జిగాడంటే చేతిలో ఇమిడే కుక్కపిల్ల అనుకునేరు. గ్రేట్ డేన్ జాతి. నిలబడితే వాడి తల గల్లాపెట్టె మీదికి వచ్చేది. కొట్లో చీరలు పరిచే తెల్లటి పరుపు మీద సగం వాడిదే. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు వాడి కాళ్ళు దాటుకుంటూ వెళ్ళి, మిగిలిన సగంలో సర్దుకుని బేరమాడేవారు. వాడికి తోడుగా తెచ్చిన ఆడకుక్కను వదిన 'పెద్దమ్మాయి' అని పిలిచేది. అది బుజ్జిగాడు తినడం మొదలుపెట్టందే పెరుగన్నం ముట్టేది కాదు.

ఏలూరులో కుక్కల పోటీ జరుగుతుందని ఎవరో చెప్పారు. ఇక అన్నయ్యకి నిద్ర లేదు. బుజ్జిగాణ్ణి పదిమందికీ చూపించాలి, అందుకు బోనులు కావాలి, బోనులు పట్టే బండి కావాలి. ఆదివారం వస్తే చాలు, వదిననీ నన్నూ వెంటేసుకుని ఆటోనగర్‌లో బండ్లమ్మే చోటల్లా తిరిగేవాడు. టేపు ఉన్నా వాడేవాడు కాదు. బట్టల కొట్టు మనిషి కదా, మోచేత్తో మూరలు వేసి బోనునీ కొలిచాడు, కనిపించిన ప్రతి బండి డిక్కీనీ అలాగే కొలిచాడు. అమ్మేవాళ్ళు వింతగా చూస్తుంటే నేనూ వదినా దూరంగా నిలబడి నవ్వుకునేవాళ్ళం. తెరిచి ఉన్న ట్రాలీ వద్దన్నాడు, ఎండా దుమ్మూ కొడతాయని. కిటికీలున్న పాత వ్యాన్ ఒకటి వదినకి నచ్చింది. "బుజ్జిగాడు ఊళ్ళు చూసుకుంటూ వస్తాడు కదండీ" అంది. "వాడేమన్నా తీర్థయాత్రకి వెళ్తున్నాడా?" అన్నాడు అన్నయ్య. చివరికి ఆయన మనసుకు పట్టింది సరుకు తోలే వ్యాన్. వెనకంతా రేకు పెట్టె, చుట్టూ మూసేసి ఉంది.

బండి చూడడంలో మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నా చిన్నప్పుడొకసారి పెడన నుంచి వస్తుంటే వానకు బండి కప్పు కారి, నెలల తరబడి నేసిన చీరలన్నీ రంగులు దిగిపోయాయి. నాన్న ఆ నేత ఇళ్ళకు వెళ్ళి, ఆ చీరలు చూపించలేక ఏడ్చాడట. అప్పటినుంచీ ఏ బండి కుదుర్చుకున్నా ముందు తను లోపల కూర్చుని తలుపులు వేయించేవాడు. చీకట్లో ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే అక్కడ నీళ్ళూ వస్తాయి. అన్నయ్య కూడా ఆ వ్యాన్‌లోకెక్కి కూర్చుని తలుపులు వేయమన్నాడు. కాసేపటికి లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది. "బ్రహ్మాండంగా ఉందే! ఎక్కడా వెలుతురు రావట్లా!" అక్కడికక్కడే కొనేశాడు. ఇంటికి తెచ్చిన రెండు రోజులకే వెనక తలుపు మూల రబ్బరు ఊడి కాస్త సందు పడింది. అది సరిచేసి ఇమ్మని అమ్మినవాడికి గట్టిగా చెప్పాడు. వాడు రేపూమాపూ అంటూ చేయనేలేదు. రెండు బోనులూ ఎక్కించి కృష్ణలంక దాకా తిప్పి తెచ్చాం, కుక్కలు హాయిగా దిగాయి. గాలి మాట మాలో ఎవరికీ తట్టలేదు.

శివరాత్రి వెళ్ళిన వారం బయల్దేరాం. ఎండలింకా ముదరలేదు. అన్నయ్య తోలుతున్నాడు, వదినా నేనూ పక్కన. పెద్ద బోను కదా, బుజ్జిగాడిది లోపలికి నెట్టాం, పెద్దమ్మాయిది తలుపు దగ్గర. గన్నవరం దాటాక గడ్డి లారీ ఒకటి అడ్డంగా పడి రోడ్డంతా ఆగిపోయింది. ముందూ వెనకా బండ్లే. ఎండెక్కింది. మేం ఏసీ పెంచుకున్నాం. వదిన పులిహోర డబ్బా తీసింది. బుజ్జిగాడికి మెళ్ళో పతకం వేస్తే ఫొటో కొట్లో ఎక్కడ కట్టాలా అని అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక చప్పుడు లేకపోతే, "చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నారో" అన్నాడు.

హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆపి, నీళ్ళు పెడదామని వెనక తలుపు తీశాడు. కుంపటి మూత తీసినట్టు వేడి మా ముఖాల మీదికొచ్చింది. పెద్దమ్మాయి ఆ రబ్బరు ఊడిన సందు ఉండే మూలకి ముక్కు పెట్టి పడుకుని రొప్పుతోంది. దాని వెనక బుజ్జిగాడు పడుకున్నాడు. వాడు రొప్పడం లేదు. అన్నయ్య బోను తెరిచి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, బిందెడు నీళ్ళు పోశాడు, పేరు పెట్టి పిలిచాడు, చెంపలు తట్టాడు. టీ కొట్టు దగ్గరి జనమంతా మూగారు. ఎవరో పశువుల డాక్టర్ని పిలుచుకొచ్చారు. ఆయన బుజ్జిగాడి మీద చెయ్యి పెట్టి చూసి, పెద్దమ్మాయిని నీడలోకి దింపి తడపమన్నాడు. అన్నయ్య నావైపు తిరిగాడు. "నేను లోపల కూర్చుని చూశానే. చుక్క వెలుతురు కూడా రాలేదే" అన్నాడు. అప్పటికీ అది ఆ బండి మంచితనమన్నట్టే అన్నాడు. తన నోటివెంట వచ్చిన మాట తనకే వినపడిందేమో, ఆ వెంటనే ముఖం మారిపోయింది. మా అన్నయ్య అలా ఏడవడం నేను నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండి నేను తోలాను. వదిన తన పైట కొంగు చింపి వెనక తలుపులు మూసుకోకుండా కట్టింది. ముందు ఎక్కమంటే అన్నయ్య ఎక్కలేదు. బుజ్జిగాడి తల ఒళ్ళో పెట్టుకుని రెండు బోనుల మధ్య ఆ రేకు మీదే కూర్చున్నాడు. వదిన నా పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఏసీ వేయలేదు, వేయడానికి చెయ్యి రాలేదు. మా వెనక రేకుకు అవతల ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. గన్నవరం వచ్చిందిరా, ఇదిగో చెరుకు తోటలురా, అదుగో రైలు వెళ్తోందిరా అని వాడికి ఊళ్ళన్నీ చెబుతున్నాడు. ఆ రోడ్డు ఇప్పుడు బాగా వెడల్పయింది, జంక్షన్ నుంచి ఇట్టే వచ్చేస్తున్నారు అందరూ. మా అన్నయ్య మాత్రం ఇన్నేళ్ళయినా ఆ బండి వెనకే కూర్చుని ఉన్నాడు, మేమింకా ఇల్లు చేరలేదు.