కాళ్ళనే చూసిన మనిషి

సిడ్నీలో ఒలింపిక్స్ జరిగిన ఏడాది సంగతి. హారిస్ పార్క్ స్టేషన్లో రైలు వెళ్ళిపోతుందేమోనని గబగబా నడిచి ఎక్కాను. ఎదురు సీట్లో కూర్చున్న తెల్ల ముసలాయన నా ముఖం చూడలేదు, నా బూట్ల వైపే చూస్తున్నాడు. కంప్యూటర్లలో తేదీల వైటూకే గొడవ అయిపోయినా ఈ ఇండియా కంప్యూటర్ వాళ్ళు ఇంకా వెళ్ళరేం అనుకుంటున్నాడని నా అనుమానం. బ్యాగు ఒళ్ళోకి లాక్కుని, కాళ్ళు సీటు కిందికి ముడుచుకున్నాను. ఆయన ఇంకాస్త వంగి చూశాడు.

ఉండబట్టలేక, "ఏం చూస్తున్నారు?" అన్నాను, కాస్త కటువుగానే.

"సారీ మేట్, అలవాటు. నలభై ఏళ్ళుగా నడక పోటీలకు జడ్జిని. నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి. ఇందాక ప్లాట్‌ఫాం మీద నీ రెండు కాళ్ళూ గాల్లోనే ఉన్నాయి. పోటీలో అయితే ఎర్ర కార్డు రాసేవాణ్ణి."

నాకు నమ్మకం కుదరలేదు. నిజంగా జడ్జేనా కాదా తేల్చుకుందామని, మొన్న ఒలింపిక్స్ నడకలో అందరికంటే ముందుండి, స్టేడియం దాకా వచ్చాక, రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయని జడ్జీలు పోటీలోంచి తీసేసిన వాళ్ళ దేశపు అమ్మాయి సంగతి ఎత్తాను. ఆ రోజుల్లో ఎక్కడ విన్నా జడ్జీలను తిట్టడమే.

"మీరు చెప్పండి, నిజంగా రెండు కాళ్ళూ లేచాయా?"

ఆయన మొదటిసారి నా కాళ్ళ మీంచి చూపు తీసి కిటికీ వైపు తిరిగాడు.

"తెలీదు. టీవీలో అది చూపించినప్పుడల్లా లేచి వంటగదిలోకి వెళ్ళిపోతాను."

నేను బ్యాగు పక్కన పెట్టి, కాళ్ళు చాపుకున్నాను.