ట్రయల్ ఫోన్‌కు వచ్చిన మొదటి కాల్

ఎయిర్‌పోర్టులో కొత్త కమ్యూనికేషన్ సెంటర్ ఎలా నడవాలో తేల్చడానికి ఈ రోజు మీటింగ్ పెట్టుకున్నాం. "బంద్ రోజుల్లో ప్రయాణికులకు దారులు చెప్పడం మన పని కాదండీ" అన్నారు గుంటూరు నుంచి వచ్చిన మా మేనేజరు గారు. అంతలో ఎంక్వయిరీ వాళ్లు ఏం చెప్పాలో తోచక ఒక కాల్‌ను, సెంటర్ కోసం పరీక్షగా పెట్టిన మా ట్రయల్ ఫోన్‌కు కలిపారు.

"అన్నా, దిల్‌సుఖ్‌నగర్ల రాస్తారోకో అయితుంది, మా ఆటో ఆగిపోయింది. మా ఆయన దుబాయ్ ఫ్లైట్ పోతదా ఏంది?" ఆమె ఏడుస్తోంది.

నేనుండేది మీర్‌పేట్‌లోనే. "పరేషాన్ కాకుండ్రి చెల్లె. ఆటో తిప్పి మీర్‌పేట్, బాలాపూర్ మీదికెల్లి రాండ్రి" అన్నాను.

తెలంగాణ కోసం నేనూ రోడ్డు మీద కూర్చున్నవాణ్ణే. అయినా ఆ గంటన్నరా నా మనసు మనసులో లేదు. మళ్లీ ఫోన్ మోగింది.

"లోపలికి పోయిండన్నా!"

గదిలో అందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. మేనేజరు గారు నవ్వి, దారులు చెప్పే పనిని ప్లాన్‌లో నా పేరు మీదే రాశారు. ఎల్బీనగర్ వైపు గల్లీలు తెలిసినవాళ్లు జర కామెంట్లలో చెప్పండి, నా ఉద్యోగం నిలబెట్టండి.