చెంపదెబ్బకు నవ్వని జనం

డెబ్భయ్యో దశకం మధ్యలో ఒక ఎండాకాలం, మైలవరం దగ్గర ఔట్‌డోర్ షూటింగుకి నన్ను పిలిచారు. బస గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో. అప్పటిదాకా నేను హీరోని. పిక్చర్లు తగ్గి, ఏడాదికి పైగా ఖాళీగా కూర్చున్నాక మొదటిసారి విలన్ వేషానికి ఒప్పుకున్నాను. ఊరి ధాన్యం కాజేసే రైసుమిల్లు యజమాని పాత్ర.

మొదట తీయాల్సింది కొత్త హీరో నన్ను చెంపదెబ్బ కొట్టే షాటు. సినిమా దెబ్బ నిజంగా తగలదు. కెమెరాను ఒక కోణంలో పెడతారు. చెయ్యి జానెడు దూరంలో పోతుంది, సరిగ్గా ఆ క్షణంలో మనం తల విసురుగా తిప్పాలి. మా ఇద్దరికీ అది బాగానే కుదిరింది. చిక్కంతా జనంతోనే వచ్చింది. దెబ్బ పడగానే పకపకా నవ్వడానికి ఊరివాళ్లనే గుంపుగా నిలబెట్టారు. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలోని సుబ్బమ్మగారనే పెద్దావిడ హీరో మీదికే వెళ్లారు.

"ఏం అబ్బాయ్, అంతటి మనిషి మీద చెయ్యెత్తుతావా?"

టేకు మీద టేకు వృథా అయింది. ముడి ఫిల్ము సులువుగా దొరకని రోజులవి. జనం నన్నింకా హీరోగానే చూస్తున్నారనీ, వేషం మరొకరికి ఇవ్వాల్సి వస్తుందేమోననీ డైరెక్టరు పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. కథలో ఆ చెంపదెబ్బకు ముందు వచ్చే సీను జనం ఎదుట ఒకసారి చేస్తానని అడిగాను.

ధాన్యం మూట తెప్పించి సుబ్బమ్మగారి చేతుల్లో పెట్టాను. "గట్టిగా పట్టుకోండమ్మా, నేను లాక్కుంటాను."

"లాక్కోండి బాబూ, దానికేం!" అని నవ్వారావిడ.

నేను నవ్వలేదు. మూట ఒక్క గుంజు గుంజాను. "ముసలిదానా! మళ్లీ నా మిల్లు గుమ్మం తొక్కావో, కాళ్లు విరగ్గొడతా!" గింజలు నేలపాలయ్యాయి. ఆవిడ మొహం మాడిపోయింది. డైరెక్టరు వెంటనే కెమెరా నడిపించారు. హీరో కొట్టాడు. అందరికంటే ముందు నవ్వింది సుబ్బమ్మగారే.

షాటు ఓకే అయ్యాక వెళ్లి దండం పెట్టాను. "నటనేనని తెలుసండీ. అయినా కడుపు మండిపోయింది," అన్నారు, నా మొహం చూడకుండానే. సంతోషించాలో బాధపడాలో నాకు తెలియలేదు.

తర్వాత విలన్లు, తండ్రులు, తాతలు, చాలా వేషాలు వేశాను. హీరోగా కంటే వాటితో బతికిన కాలమే ఎక్కువ. జనం తమంతట తాము పాత మొహాన్ని మరిచిపోరు. మరిపించడం కూడా నటుడి పనేనని ఆ రోజు తెలుసుకున్నాను.