తియాన్‌జిన్ కవరు మీద మా ఊరు

శనివారం తొమ్మిదిన్నరకి వాషింగ్టన్ శివార్లలో మా హెర్న్‌డన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాం. నేను, మా ఏడేళ్ళ ఆద్య, పక్కింట్లో ఉండే దాని ఫ్రెండ్ మెయ్, మెయ్ నానమ్మ. చైనా భాషలో నానమ్మని నైనై అంటారు. పిల్లలతో పాటు నేనూ అలాగే పిలుస్తాను. స్కూల్ అయ్యాక ఇద్దరినీ ఇంటికి తెచ్చి, నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా చూసుకునేది ఆవిడే. ఆఫ్టర్‌స్కూల్ కేర్ వెయిటింగ్ లిస్ట్‌లో మా పేరు ఎక్కడో అడుగున ఉంది. నైనై ఇక రానంటే నా కొత్త ఉద్యోగం ఊడినట్టే. అందుకే ఆవిడ ముందు ఆచితూచి మాట్లాడతాను.

ఈ ప్రయాణం పిల్లల గొడవ వల్లే. గోడకి అటూ ఇటూ ఉంటూ, స్టాంపులంటించి ఒకరికొకరు ఉత్తరాలు పోస్ట్ చేసుకుంటారు. వాషింగ్టన్‌లో తపాలా మ్యూజియం ఉందని తెలిశాక ఇంక ఆగలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: శనివారం స్టేషన్‌లో పార్కింగ్ ఫ్రీ. డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్‌కి మారి యూనియన్ స్టేషన్‌లో దిగితే మ్యూజియం పక్కనే. గంట పైనే పడుతుంది. లోపలికి టికెట్ లేదు. రైల్లో ఎదురు సీటు పెద్దాయన మమ్మల్ని చూసి, "అందరూ ఒకే ఫ్యామిలీనా?" అన్నాడు. "కాదు, పక్కిల్లు. ఇంకా బెటర్!" అంది ఆద్య. దిగాక బయట బెంచీ మీద నేను చేసి తెచ్చిన పులిహోర తిన్నాం. "పులుపెక్కువ," అంది నైనై. మళ్ళీ డబ్బా చాపింది.

మ్యూజియంలో పిల్లలు పాత తపాలా బండి చుట్టూ తిరుగుతుంటే మేమిద్దరం ఒక చిన్న గదిలోకి వెళ్ళాం. అక్కడ చదివింది ముందు నమ్మబుద్ధి కాలేదు. ఒకప్పుడు షాంఘైలో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, జపాన్, అమెరికా, ఎవరి పోస్టాఫీసు వాళ్ళు పెట్టుకున్నారట. చైనా యుద్ధాల్లో ఓడి, ఒప్పందాల మీద సంతకం పెట్టి తెరిచిన రేవు అది. అమెరికా స్టాంపు మీదే షాంఘై అని అచ్చు గుద్ది అమ్మారు. ఈ దేశంలో ఉండటానికి మేం ఎన్ని వీసా అపాయింట్‌మెంట్ల కోసం పడిగాపులు పడ్డామో! వాళ్ళేమో పరాయి దేశానికి సొంత పోస్టాఫీసునే మోసుకెళ్ళారు.

పక్క అద్దాల పెట్టెలో ఇండియా స్టాంపు కనిపించింది. రాణి బొమ్మ, దాని మీద నల్లగా మూడు ఇంగ్లీషు అక్షరాలు. అంటించిన కవరు మీద వంకర రాతలో అడ్రస్: విజయనగరం.

"నైనై! ఇది మా ఊరు! చూడండి, మా ఊరు!" అని అరిచేశాను. కవరు పక్కన నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాను.

ఆవిడ అద్దానికి దగ్గరగా వంగి, పోస్టాఫీసు ముద్రని వేలితో చూపించింది. "ఇది మా ఊరు," అంది నెమ్మదిగా. తియాన్‌జిన్.

అప్పుడు కింద రాసింది చదివాను. ఆ మూడు అక్షరాలు 1900లో చైనా మీదకి పంపిన సేనకి గుర్తు. బ్రిటిష్‌వాళ్ళు మన సిపాయిలని పంపి, ఇళ్ళకి ఉత్తరాలు రాసుకోవడానికి మన స్టాంపులూ పంపారు.

"మా నానమ్మ చెప్పేది," అంది నైనై తన వచ్చీరాని ఇంగ్లీషులో. "తలపాగా సిపాయిలు వస్తున్నారంటే పిల్లల్ని ధాన్యం జాడీల్లో దాచేవాళ్ళట. తనని కూడా దాచారు. నేను అల్లరి చేస్తే, తలపాగా వాడొస్తాడు, పడుకో అనేది."

బూచాడొస్తాడు, పడుకో అని నేను ఆద్యతో ఎన్నిసార్లు అనలేదు! మా ఊరి ఇంటికి ఉత్తరం రాసుకున్నవాడు ఇంకో ఊళ్ళో బూచాడు. ఫోన్ తీసి సెల్ఫీ డిలీట్ చేశాను. అది ఆవిడ చూసింది.

మూడింటికి తిరుగు రైలు ఎక్కాం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నైనై కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సోమవారం పిల్లల్ని స్కూల్ నుంచి తెస్తారా అని అడగాలనుకుని మానేశాను. చివరికి, "సారీ నైనై, నాకు తెలీదు," అన్నాను.

"నాకు తెలుసు, ఆ సిపాయిలు ఎక్కడివాళ్ళో," అంది. "పొద్దున నీ పులిహోర తిన్నప్పుడు కూడా తెలుసు."

ఆ మ్యూజియం తప్పక చూడండి. కానీ మన ఊరి పేరు కనిపించగానే మురిసిపోకుండా, అది అక్కడికి ఎలా వచ్చిందో ముందు చదవండి. హెర్న్‌డన్ పార్కింగ్‌లో కారెక్కుతూ నైనై ఆకాశం వైపు చూసి అంది:

"సోమవారం వాన పడుతుందట. ఆద్య బ్యాగ్‌లో గొడుగు పెట్టు. నాకు రెండు చేతులే ఉన్నాయి."